ఎక్కడా లోకల్ కాని పిల్లలు

సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి ఫలితాలు వచ్చిన వారం డేరాలో నాకు తెలిసిన తెలుగువాళ్లందరికీ నేను గుర్తొస్తాను. నేనేమీ ఎడ్యుకేషన్ కౌన్సెలర్ని కాను. చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, చేసేది ఒక సరుకు రవాణా కంపెనీలో డేటాబేసులు చూసుకునే పని. కానీ ‘సాఫ్ట్‌వేర్ అబ్బాయి’ అని ఒకసారి ముద్ర పడ్డాక వైఫై రూటర్ దగ్గర్నుంచి పిల్లల చదువు దాకా అన్నిటికీ మన తలుపే తడతారు.

అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. “సీఎస్‌ఈ తీసుకోమంటావా, ఏఐ తీసుకోమంటావా?” కాలేజీ ఏదో, ఊరు ఏదో, డబ్బు ఎక్కడిదో తర్వాత సంగతి. ముందు బ్రాంచి తేలాలి. నేను ఎదురు ప్రశ్న వేస్తాను. “బాబు తొమ్మిదో తరగతి ఎక్కడ చదివాడండీ?”

చాలామంది నవ్వుతారు. పన్నెండు పాసైనవాడి గురించి అడిగితే తొమ్మిది గోల ఏమిటని. కానీ గల్ఫ్‌లో పెరిగిన తెలుగు పిల్లల విషయంలో అసలు తాళం అక్కడే ఉంది. దరఖాస్తు ఫారం చేతికొచ్చేసరికి సగం తలుపులు ఎప్పుడో మూసుకుని ఉంటాయి. మూసింది ఎవరో కాదు, ఇంట్లోవాళ్లే. మూస్తున్నామని తెలియకుండా మూశారు, అంతే.

కొంచెం వివరంగా చెప్తాను. ఓపిక పట్టండి, రూల్సు కాబట్టి కాస్త పొడిగా ఉంటుంది.

మన రెండు రాష్ట్రాల్లో ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, మా తరం నోటికి ఆ పేరు ఇంకా తిరగలేదు) సీట్లలో 85 శాతం లోకల్ అభ్యర్థులవి. ఈ లోకల్ అనే మాట 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి వచ్చింది. రాజ్యాంగంలో 371-డి దాని వేరు. లోకల్ అంటే ఆ ప్రాంతంలో పుట్టినవాడు కాదు, తల్లిదండ్రులది ఆ ఊరు కావడమూ కాదు. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవాడు. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు అంటే తొమ్మిది, పది, ఇంటర్ మొదటి ఏడు, రెండో ఏడు. ఇదీ నా ప్రశ్న వెనకున్న లెక్క.

దుబాయ్‌లో పన్నెండు దాకా చదివిన పిల్లవాడు ఆ లెక్కలో ఆంధ్రా లోకలూ కాడు, తెలంగాణ లోకలూ కాడు. వాడికి మిగిలేది ఆ 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లు. అవి కూడా తల్లిగానీ తండ్రిగానీ రాష్ట్రంలో మొత్తం పదేళ్లు ఉన్నారని, ఉద్యోగరీత్యా బయటున్న కాలం తీసేసి, ఎమ్మార్వో ఆఫీసు నుంచి కాగితం తెస్తేనే. పైగా ఆ 15 శాతంలో లోకల్ పిల్లలు కూడా మార్కుల మీద పోటీ పడతారు.

ఇక్కడ పుట్టాడు కదా, ఇక్కడివాడు అవుతాడా అంటే అదీ లేదు. దుబాయ్ ఆస్పత్రిలో పుట్టినంత మాత్రాన ఈ దేశపు పౌరసత్వం రాదు. నాన్న వీసా మీద ఉన్న భారతీయుడు వాడు. క్రీక్ ఒడ్డున ఆడుకుని, ఒక దిర్హాము ఇచ్చి అబ్రా ఎక్కి బర్ దుబాయ్ వెళ్లొచ్చి, అరబీ అక్షరాలు బళ్లో దిద్ది పెరిగినా సరే.

అయితే ఇదే పిల్లవాణ్ణి ఇంకో ఆఫీసు ఇంకోలా చూస్తుంది. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకు. జేఈఈ మెయిన్ రాసినవాళ్లకు సీట్లు పంచే జోసా దగ్గర సొంత రాష్ట్రం అంటే మామూలుగా పన్నెండు పాసైన రాష్ట్రం. విదేశంలో పాసైన భారతీయ పిల్లలకు మాత్రం పాస్‌పోర్టులో ఉన్న శాశ్వత చిరునామా చూస్తారు. అంటే ఈఏపీసెట్ ‘నువ్వు మావాడివి కాదు’ అన్న పిల్లవాడే, పాస్‌పోర్టు చివరి పేజీలో పశ్చిమ గోదావరి జిల్లా అని ఉంటే తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీకి సొంతబిడ్డ.

మూడో ఆఫీసు దాసా. విదేశాల్లో చదివిన పిల్లలకు ఎన్‌ఐటీల్లోనూ మరికొన్ని కేంద్ర సంస్థల్లోనూ మామూలు సీట్లకు అదనంగా కొన్ని సీట్లు ఉంచి నేరుగా ఇచ్చే పథకం. ఒకప్పుడు దానికి అమెరికా వాళ్ల శాట్ సబ్జెక్టు పరీక్షలు రాయాల్సొచ్చేది. 2021లో ఆ పరీక్షలే ఎత్తేయడంతో దాసా జేఈఈ మెయిన్ ర్యాంకుకి మారింది. ఆ దాసాలోనే సీఐడబ్ల్యూజీ అని ఒక చిన్న గది ఉంది. గల్ఫ్ దేశాల్లో పనిచేసే భారతీయుల పిల్లల కోసం. ఎమిరేట్స్, సౌదీ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, ఇరాన్, ఇరాక్, ఈ ఎనిమిదీ ఆ జాబితాలో ఉన్నాయి.

ఆ చిన్న గదికీ పెద్ద హాలుకీ తేడా ఫీజులో తెలుస్తుంది. మామూలు దాసా సీటుకి ట్యూషన్ ఫీజు సెమిస్టరుకు 4,000 డాలర్లు, ఏడాదికి 8,000. దిర్హాము డాలరుకు 3.6725 చొప్పున 1997 నుంచీ కట్టేసి ఉంది కాబట్టి లెక్క సులువు, 29,380 దిర్హాములు. సీఐడబ్ల్యూజీ సీటైతే అక్కడి పిల్లలు కట్టే ట్యూషన్ ఫీజే. ఎన్‌ఐటీలో అది ఏడాదికి లక్షా పాతికవేల రూపాయలు. దిర్హాముకి ఇరవైమూడు రూపాయలు వేసుకున్నా ఐదున్నర వేల దిర్హాములు దాటదు. అదే తరగతి, అదే బెంచీ, అదే మెస్సులో అదే పలచటి సాంబారు. ఫీజు ఐదు రెట్లు తేడా.

ఈ పథకం పేరు చెప్తే డేరాలో పదిమందిలో ఎనిమిది మంది “అదేంటి?” అనే అంటారు. ఎన్నారై కోటా గురించి మాత్రం అందరికీ తెలుసు. ప్రైవేటు కాలేజీలో డాలర్ల లెక్కన అమ్మే ఆ సీటుకి పిల్లవాడు విదేశంలో చదివి ఉండక్కర్లేదు, అమెరికాలో మేనమామ ఉన్నా చాలు. దాని గురించి చెప్పడానికి ఏజెంట్లున్నారు. సీఐడబ్ల్యూజీ గురించి చెప్తే ఎవరికీ కమీషన్ రాదు మరి.

ఇప్పుడు చిక్కు ఎక్కడుందో చెప్తాను. దాసాకైనా సీఐడబ్ల్యూజీకైనా పదకొండు, పన్నెండు తరగతులు బయటి దేశంలోనే చదివి ఉండాలి. లోకల్ హోదాకి తొమ్మిది నుంచీ అక్కడ చదివి ఉండాలి. మరి మన డేరా తెలుగు కుటుంబాలు ఎక్కువగా చేసేదేమిటి? పది ఇక్కడ పూర్తి చేయించి, ఇంటర్‌కి విజయవాడో హైదరాబాదో పంపించడం. ఆ ఒక్క పనితో దాసా పోతుంది, లోకల్ హోదా రాదు. రెండు పడవలూ రేవు వదిలి వెళ్లిపోతాయి. చూడబోతే అన్ని దారుల్లోకీ అదే బాధ్యత గల దారిలా కనిపిస్తుంది. పిల్లవాడి చదువు మీద శ్రద్ధ ఉన్న తల్లిదండ్రులే దాన్ని ఎంచుకుంటారు. అదే నాకు బాధ.

మా పై అంతస్తులో భీమవరం వాళ్లున్నారు. ఆయన బనియాస్ రోడ్డు మీద, ఇరాన్ వెళ్లే డౌల మీదికి బస్తాలు ఎక్కించే చోటికి ఎదురుగా, ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంటెంటు. పదహారేళ్లయింది వచ్చి. అబ్బాయి పదో తరగతి. నిరుడు డిసెంబరులో ఒక ఆదివారం ఆవిడ పులిహోర గిన్నె పట్టుకుని వచ్చారు. (2022 నుంచి ఇక్కడ శనాదివారాలు సెలవయ్యాయి. శుక్రవారం సెలవు రోజుల్లో చుట్టరికాలు వేరేగా ఉండేవని పాతకాపులు అంటారు.) విజయవాడలో హాస్టలు సీటుకి అడ్వాన్సు కట్టాలట, నెలాఖరులోపు కడితే పదివేలు తగ్గింపట.

“అన్నయ్యగారూ, ఇక్కడ వీడు చదవడు. అక్కడైతే పొద్దున ఐదింటికి లేపుతారు” అన్నారు.

ఐదింటికి లేపే చదువు మీద నా అభిప్రాయం వేరే ఉంది గానీ అది ఆవిడకి అక్కర్లేదు. లోకల్ సంగతి, దాసా సంగతి కాగితం మీద గీసి చూపించాను. పిల్లవాడు ఇక్కడే ఉండిపోతే ఏది మిగులుతుంది, వెళితే ఏది పోతుంది. విజయవాడలో పన్నెండు పాసైతే జోసా దగ్గర ఆంధ్రా సొంత రాష్ట్రం అవుతుంది, నిజమే. కానీ పాస్‌పోర్టు చిరునామాతో ఇక్కడి నుంచి కూడా అదే అవుతుంది. అంటే వెళ్లడం వల్ల కొత్తగా వచ్చేది శిక్షణ ఒక్కటే. పోయేది సీఐడబ్ల్యూజీ.

ఆవిడ కాగితం వంక చాలాసేపు చూశారు. “మా వాళ్లలో ఆరుగురు పంపించారండీ ఇలాగే” అన్నారు. ఆ ఆరుగురిలో ఇద్దరి పిల్లలు బాగా చదివారు, వాళ్లకే రూలూ అడ్డం రాలేదు. ర్యాంకు బాగా వస్తే ఏ కోటాతోనూ పనిలేదు. కోటా గురించి మాట్లాడుకునేది మధ్యలో ఉండే పిల్లల కోసమే. మన పిల్లలు ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు, మనం ఉన్నట్టే.

ఆ రాత్రి ఆయన విడిగా వచ్చారు. మెట్ల మీద నిలబడి మెల్లగా అడిగారు. “మీరన్న ఆ గల్ఫ్ సీటుకి నాకు ఇక్కడ ఉద్యోగం ఉండాలి కదా?”

ఉండాలి. తల్లో తండ్రో గల్ఫ్‌లో పనిచేస్తున్నట్టు కాగితం పెట్టాలి. ఆయన భయం నాకు అర్థమైంది. ట్రేడింగ్ కంపెనీ, వయసు యాభైకి దగ్గర. రెండేళ్లపాటు ఉద్యోగం నిలుస్తుందని ఎవరు హామీ ఇస్తారు? పన్నెండో తరగతి మధ్యలో వీసా రద్దయితే ఇల్లు ఖాళీ చేయాలి, పిల్లవాణ్ణి బడి మాన్పించి తీసుకుపోవాలి. 2020 మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యాక మా చుట్టుపక్కల అలా వెళ్లినవాళ్లున్నారు. తొమ్మిదో తరగతి పుస్తకాలు ఇక్కడ, పదో తరగతి బడి అక్కడ. విజయవాడ హాస్టలు ఆవిడకి ఐదింటికి లేపే గంటగా కనిపిస్తే, ఆయనకి ఉద్యోగం పోయినా ఆగని చదువుగా కనిపించింది. ఇద్దరూ ఒకే అడ్వాన్సు కట్టాలనుకున్నారు, కారణాలు వేరు. ఆయన తన కారణం ఆవిడకి చెప్పలేదు.

నేనేం సలహా ఇవ్వగలను? ఇంట్లో చెప్పండి అన్నాను. ఆర్నెల్ల ఖర్చు బ్యాంకులో ఉందా అని అడిగాను. ఉందన్నారు. చివరికి పిల్లవాణ్ణి ఇక్కడే ఉంచడానికి ఒప్పుకున్నారు గానీ, అది నా కాగితం వల్లో, పిల్లవాడు అమ్మ ముందు ఏడవడం వల్లో నాకు తెలీదు.

ఇక్కడే కాలేజీ కూడా చదివిస్తే ఏమవుతుందని అడిగేవాళ్లున్నారు. మంచి ప్రశ్నే. ముప్పై ఏళ్ల కిందట ఆ ప్రశ్నకి అర్థం లేదు. వొలొన్‌గాంగ్ వాళ్లు 1993లో వచ్చారు, షార్జాలో అమెరికన్ యూనివర్సిటీ 1997లో పెట్టారు, 2000లో బిట్స్ పిలానీ దుబాయ్ క్యాంపస్ తెరిచింది. అంతకుముందు పన్నెండు కాగానే పెట్టె సర్దడమే. ఇప్పుడు అకడమిక్ సిటీలో వరుసగా క్యాంపస్‌లు. మణిపాల్, బర్మింగ్‌హామ్. అబుదాబిలో ఐఐటీ ఢిల్లీ 2024లో బీటెక్ మొదలుపెట్టింది, కంప్యూటర్ సైన్సు, ఎనర్జీ ఇంజనీరింగు అని రెండు బ్రాంచీలతో.

ఖర్చు మాత్రం దిర్హాముల్లో. ఇంజనీరింగుకి ఏడాదికి నలభై యాభై వేల దిర్హాముల దగ్గర మొదలై లక్ష దాటేవీ ఉన్నాయి. ఇల్లు ఇక్కడే కాబట్టి హాస్టలు ఖర్చుండదు, నిజమే. డేరా నుంచి అకడమిక్ సిటీకి మెట్రో లేదు, రషీదియా వైపు దిగి బస్సు పట్టుకోవాలి. బ్లూ లైను 2029లో వస్తుందంటున్నారు, ఇప్పుడు తొమ్మిది చదివే పిల్లలకి పనికొస్తుంది.

చాలామంది తండ్రులు రూపాయల్లోకి మార్చి చూసి గుండె పట్టుకుంటారు. నన్నడిగితే ఆ మార్చడంలో ఒక మెలిక ఉంది. నేను ఇంటర్ చదివేటప్పుడు, 2004 ప్రాంతంలో, దిర్హాము పన్నెండు రూపాయలు. ఇప్పుడు ఇరవైమూడు దాటింది. దిర్హాముల్లో సంపాదించి రూపాయల్లో ఫీజు కట్టేవాడికి ఏటా భారం కాస్త తగ్గుతూ వస్తుంది. దిర్హాముల్లో ఫీజు కట్టి, చదువయ్యాక ఇక్కడ ఉద్యోగం దొరక్క ఇండియా వెళ్లి రూపాయల్లో జీతం తీసుకునే పిల్లవాడికి సరిగ్గా దానికి తలకిందులు. ఇక్కడ చదివించాలనుకుంటే ఇక్కడే నిలదొక్కుకునే ఉద్దేశం కూడా ఉండాలి. ‘ముందు చదవనీ, తర్వాత చూద్దాం’ అనేది ఖరీదైన మాట.

వీసా సంగతి ఇదివరకు ఇంకా కష్టంగా ఉండేది. మగపిల్లలకి పద్దెనిమిది నిండాక తండ్రి వీసా మీద ఉంచుకోవాలంటే చదువుతున్నట్టు కాగితాలు చూపిస్తూ పోవాలి. 2022 అక్టోబరు నుంచి దాన్ని ఇరవైఐదేళ్లకి పెంచారు. ఆడపిల్లలకి పెళ్లయ్యేదాకా వయసు పరిమితి లేదు. ఇండియాలో చదివేవాళ్ల విషయంలో ఇంకోటి చూసుకోవాలి. ఆరు నెలలకు మించి దేశం బయట ఉంటే మామూలు రెసిడెన్సీ చెల్లకుండా పోతుంది. అందుకే వరంగల్లో చదివే డేరా పిల్లలు సంక్రాంతికీ ఎండాకాలం సెలవులకీ ఠంచనుగా వస్తారు. అమ్మ మీద బెంగ అని అందరూ అనుకుంటారు. బెంగ కూడా ఉంటుందనుకోండి.

ఇంతవరకూ కుటుంబంతో ఉన్నవాళ్ల గురించి చెప్పాను. డేరాలో తెలుగువాళ్లంటే వాళ్లే కాదు, వాళ్లు తక్కువ కూడా. నాయిఫ్‌లో, రిగ్గాలో, హోర్ అల్ అంజ్‌లో బెడ్‌స్పేసుల్లో ఉండే మగవాళ్లు ఎక్కువ. వాళ్ల పిల్లలు జగిత్యాలలో, నిజామాబాదులో, రాజంపేటలో, మా కోనసీమలో అసలు సిసలు లోకల్. కోటా ఇబ్బందే లేదు. లేనిదల్లా నాన్న.

జగిత్యాల అన్న ఒకాయన ఉన్నాడు. పెద్ద బిల్డింగులకి ఏసీ డక్టులు వేసే కంపెనీలో ఫోర్‌మన్. 2025 జూన్‌లో మున్సిపాలిటీ వాళ్లు రిగ్గా, మురక్కబాత్‌లలో పార్టిషన్ గదుల మీద పడ్డప్పుడు ఆయనకి ఉన్న బెడ్ పోయింది. రెండు వారాలు నా హాల్లో పడుకున్నాడు. ఆ రోజుల్లోనే వాళ్లమ్మాయి కౌన్సెలింగు. ర్యాంకు పద్నాలుగు వేల చిల్లర.

ఆ రెండు వారాల్లో నాకు బ్రాంచి గురించి ఇరవై ఏళ్లుగా తెలియనిది తెలిసింది. మామూలుగా తండ్రి కంప్యూటర్స్ అంటాడు, పిల్ల ఇంకేదో అంటుంది. ఇక్కడ తిరగబడింది.

“తమ్మీ, ఇర్వై ఏండ్ల సంది ఇంజినీర్ల కింద పని జేస్తున్న” అన్నాడు. “ఎలక్ట్రికల్ సార్ ఉంటడు, మెకానికల్ సార్ ఉంటడు, సివిల్ సార్ ఉంటడు. కంప్యూటర్ సార్ ఒక్కడన్న సైటు మీద కనవడ్డడా? నా బిడ్డ ఎలక్ట్రికల్ జదవాలె. తెల్ల టోపి పెట్టుకోవాలె.”

ఆయన చూసిన ఇంజనీరు అంటే అదే. తెల్ల హెల్మెట్ పెట్టుకుని డ్రాయింగు విప్పి ‘ఇక్కడ కాదు, అక్కడ’ అని చెప్పేవాడు. ఆయన జీవితంలో గౌరవానికి రూపం అది. ఫోన్లో అమ్మాయి ఒకటే మాట. “సైట్ల మీద ఆడోళ్లు ఉంటరా బాపూ? నీ సైటు మీద ఎంతమంది ఉన్నరు చెప్పు.” ఆయన లెక్కపెట్టాడు. నిజంగానే వేళ్లు ముడిచాడు. ఇరవై ఏళ్లలో నలుగురు.

ఇద్దరిదీ నిజమే. నేను మధ్యవర్తిని.

బ్రాంచి గురించి నా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాను. మా రోజుల్లో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఏ బ్రాంచి అయినా తీసుకునేవి. అందుకే నాలాంటి మెకానికల్ వాళ్లు ఇప్పుడు డేటాబేసుల మీద బతుకుతున్నాం. అప్పట్లో కౌన్సెలింగు హాల్లో తెర మీద సీట్లు ఒక్కొక్కటే తరిగిపోతుంటే, మా నాన్న నా చెవిలో ‘ఏదో ఒకటి, ముందు కాలేజీ మంచిది పట్టు’ అన్నారు. ఆ కాలానికి అది సరైన మాటే. ఇప్పుడు సీట్లే వేరు. ఏ బ్రాంచిలో ఎన్ని సీట్లు పెట్టుకోవచ్చనే పరిమితిని బాగా నడిచే కాలేజీలకి ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. దాంతో సివిల్, మెకానికల్ సీట్లు తీసేసి కంప్యూటర్లకి కలుపుకుంటున్నారు. సీఎస్‌ఈ అనే ఒక్క చెట్టుకి ఏఐ, డేటా సైన్సు, సైబర్ సెక్యూరిటీ అని కొమ్మలు కట్టి, ఒక్కో కొమ్మని ఒక్కో చెట్టుగా అమ్ముతున్నారు. మొదటి రెండేళ్ల పాఠాలు చాలావరకు అవే. పద్దెనిమిదేళ్లకే అంత సన్నటి పేరు డిగ్రీ మీద వేయించుకోవడం ఎందుకని నా అనుమానం. వట్టి సీఎస్‌ఈ దొరికితే వట్టిదే తీసుకోమంటాను.

ఇంకోటి, ఇది డేరాలో ఉన్నవాడికే తెలిసే సంగతి. డిగ్రీ పట్టా ఇక్కడికి వచ్చాక ఇంకో జన్మ ఎత్తుతుంది. సొంత రాష్ట్రంలో ముద్ర, ఢిల్లీలో విదేశాంగ శాఖ ముద్ర, ఎమిరేట్స్ ఎంబసీ ముద్ర, ఇక్కడికొచ్చాక మోఫా ముద్ర. పట్టా వెనకవైపు జాతరలో తప్పిపోకుండా పిల్లవాడి చేతి మీద వేసిన ముద్రల్లా ఉంటుంది. ఇంజనీరు అని వీసాలో పడాలంటే ఆ పట్టా మీద ఏం రాసుందో చూస్తారు. నాయిఫ్ రోడ్డులో టైపింగ్ సెంటర్ల ముందు ఆ ముద్రల కోసం నిలబడినవాళ్లని చూస్తే బ్రాంచి పేరు ఎంత బరువో తెలుస్తుంది. సివిల్ చదివిన కుర్రాడు సివిల్ ఇంజనీరుగానే పిలిపించుకుంటాడు. నా పట్టా చూసిన గుమస్తా మాత్రం “మెకానికలా? కంప్యూటర్ పనా?” అని రెండుసార్లు అడిగాడు.

జగిత్యాల అమ్మాయి సంగతికి వస్తాను. వెబ్ ఆప్షన్లు పెట్టడానికి చివరి రోజు. ఇక్కడికీ అక్కడికీ గంటన్నర తేడా. ఆయన సైటు నుంచి వచ్చేసరికి ఇక్కడ ఎనిమిది, అక్కడ తొమ్మిదిన్నర. వాట్సాప్‌లో మెసేజీ పోతుంది గానీ ఇక్కడ కాల్ పోదు కాబట్టి బోటింలో వీడియో పెట్టాం. అమ్మాయి జాబితా చదివింది. నిరుటి చివరి ర్యాంకులు చూసుకుని, తనకి ‘వచ్చే’ కాలేజీలే పైన పెట్టుకుంది. ఇది అందరూ చేస్తారు. కంప్యూటర్ ఆ జాబితాని పైనుంచి కిందికే చదువుతుంది, పైన రాని కాలేజీ పెట్టినందువల్ల కింద వచ్చే సీటు పోదని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. వచ్చేది కాదు, కావలసింది పైన పెట్టు అన్నాను.

అప్పుడు అమ్మాయి ఒక మాట అంది. “అంకుల్, నాకు కావలసింది ఇంటికి దగ్గరున్నది. అమ్మ ఒక్కతే ఉంటది.”

బ్రాంచి కోసం రెండు వారాలు కొట్టుకున్న తండ్రీ కూతుళ్ల మధ్య ఈ మాట అప్పటిదాకా రాలేదు. అన్న తల దించుకున్నాడు. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ కాలేజీ ఉంది, 2007లో పెట్టారు. వాళ్లింటికి అక్కడికి బస్సులో వెళ్లి రావచ్చు. యూనివర్సిటీ కాలేజీ కాబట్టి పెద్ద ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే ఫీజు తక్కువ. పదివేలు దాటిన ర్యాంకు వల్ల వాళ్లకి రీయింబర్స్‌మెంటు 35,000 వరకే వస్తుంది, ఆ లెక్కన ఇది చేతికి అందే కాలేజీ. అందులో సీఎస్‌ఈ పైన, ఈసీఈ తర్వాత, ఎలక్ట్రికల్ మూడోది పెట్టించాం. వరుస అమ్మాయిదే. ఆయన ఏమీ అనలేదు. ఎలక్ట్రికల్ వచ్చింది.

వచ్చిందని తెలిసిన రోజు ఆయన గంతులేస్తాడనుకున్నాను. “బిడ్డ మనసు కష్టపెట్టుకుంటదేమో” అని రెండు రోజులు ఫోను చెయ్యలేదు. ఆ పిల్లే చేసింది. ల్యాబ్ మాన్యువల్ కొనాలి, డబ్బు పంపమని. ఇప్పుడు వారానికోసారి ఆయన సైటులోని ప్యానెల్ బోర్డులకి ఫోటోలు తీసి పంపుతాడు. ఆ పిల్ల వాటి పేర్లు రాసి తిప్పి పంపుతుంది. తప్పో ఒప్పో ఆయన తెల్ల టోపీ సార్‌ని అడిగి చెప్తాడు. రెండో ఏడు నుంచి ఖాళీ ఉంటే కోడింగు కూడా నేర్పమని నన్ను అడిగింది. సరే అన్నాను.

భీమవరం అబ్బాయి పాస్‌పోర్టు రెన్యూవల్ ఈ నెలలోనే. వాళ్లు నా దగ్గరికి వచ్చింది ఈసారి చిరునామా గడి గురించి. పాత పాస్‌పోర్టులో భీమవరం ఇంటి అడ్రసు ఉంది. ఆ ఇల్లు అమ్మేసి మూడేళ్లయింది, ఆ డబ్బుతో మియాపూర్‌లో ఫ్లాటు కొన్నారు. శాశ్వత చిరునామా మియాపూర్ అని రాస్తే ఆ అబ్బాయి జోసాకి తెలంగాణ వాడవుతాడు, ఎన్నడూ ఒక్క రాత్రి కూడా పడుకోని ఊరికి సొంతబిడ్డ. భీమవరంలో తాతగారిల్లు ఉంది, నానమ్మ అక్కడే ఉంటుంది, సెలవులకి వాడు దిగేది ఆ గుమ్మంలోనే. ఆయన ఆస్తి కాగితం ఎక్కడుంటే అదే శాశ్వత చిరునామా అంటారు. ఆవిడ మనుషులు ఎక్కడుంటే అదంటారు. అబ్బాయిని అడిగితే “మురక్కబాత్ రాయొచ్చా?” అన్నాడు. ఫారం ఇంకా మా టీపాయ్ మీదే ఉంది, అపాయింట్‌మెంటు గురువారం.